ఒకేషనల్ ఎంపీహెచ్‌డబ్ల్యూ పాసయ్యాను. ఏఎన్‌ఎంగా వెళ్ళాలా, జీఎన్‌ఎం చదవాలా?

నాగావళి_పిల్ల (పాలకొండ దగ్గర)

అందరికీ నమస్కారం. ఇంటర్‌లో ఒకేషనల్ తీసుకున్నాను, ఎంపీహెచ్‌డబ్ల్యూ ఫిమేల్, అంటే ఆడవాళ్ళ మల్టీ పర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు. ఈ ఏడాదే పాసయ్యాను. నాన్న కూలికెళ్తారు, తమ్ముడు టెన్త్‌కొచ్చాడు. ఇక్కడి నుంచి ఏటి చెయ్యాలో ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు.

ఆసుపత్రిలో ఒక సంవత్సరం క్లినికల్ ట్రైనింగ్ చేస్తేనే ఏఎన్‌ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) పోస్టులకి పనికొస్తానని కాలేజీలో మేడమ్ అన్నారు. పెద్దమ్మ కోడలేమో "ఏఎన్‌ఎం అంటే నర్సు కాదు, ఊళ్ళు తిరిగే పని, జీఎన్‌ఎం చదువుకో" అంటోంది, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ. ఇది కాక టౌన్లో ఒక ఇనిస్టిట్యూట్ వాళ్ళు ఇంటికొచ్చి కరపత్రం ఇచ్చి వెళ్ళారు. ఏడాది నర్సింగ్ డిప్లొమా, వంద శాతం ఉద్యోగం అని ఉంది. ఫీజు నలభై వేలు, వాయిదాల్లో కట్టొచ్చట. నాన్న దానికి సగం ఒప్పేసుకున్నారు.

నాకు నర్సు పని ఇష్టమే. చిన్నప్పటి నుంచి నానమ్మకి షుగర్ ఇంజెక్షన్ నేనే చేస్తున్నాను. ఈ మూడిటిలో ఏది మంచిదో తెలిసినవాళ్ళు చెప్పండి.

---

రిటైర్డ్_ట్యూటరమ్మ (గుంటూరు)

అమ్మా, ముందు ఆ కరపత్రం సంగతి తేల్చుకుందాం. నాన్నగారిని ఒక్క రూపాయి కూడా కట్టనివ్వకు.

నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి ఏడాది డిప్లొమాలు పట్టుకుని ఏడ్చుకుంటూ మా దగ్గరికి వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. మన దేశంలో నర్సుగా రిజిస్ట్రేషన్ తెచ్చే చదువులు కొన్నే. ఏఎన్‌ఎం రెండేళ్ళు, జీఎన్‌ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. జీఎన్‌ఎం చేసినవాళ్ళు తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యొచ్చు. ఇవి కాక నీలాగా ఒకేషనల్ ఎంపీహెచ్‌డబ్ల్యూ చదివి, ప్రభుత్వం ఒప్పుకున్న ఆసుపత్రిలో ఏడాది క్లినికల్ ట్రైనింగ్ పూర్తి చేసినవాళ్ళకి ఏఎన్‌ఎం పోస్టుల నోటిఫికేషన్లలో అర్హత ఇస్తున్నారు. 2019లో ఆంధ్రాలో గ్రామ సచివాలయాలకి ఏఎన్‌ఎం గ్రేడ్-3 పోస్టులు తీసినప్పుడూ ఇచ్చారు, 2023లో తెలంగాణ నోటిఫికేషన్లోనూ ఇచ్చారు. రెండు చోట్లా నర్సింగ్ కౌన్సిల్‌లో గానీ పారామెడికల్ బోర్డులో గానీ రిజిస్టరై ఉండాలన్నారు.

ఆ ఇనిస్టిట్యూట్ వాళ్ళని ఒక్కటే అడుగు. "కోర్సయ్యాక నా పేరు ఏ కౌన్సిల్లో నమోదవుతుంది? ఆ కౌన్సిల్ మీకిచ్చిన అనుమతి కాగితం చూపించండి." మాట మారిస్తే లేచి వచ్చెయ్. చూపిస్తే ఆ కాగితం నంబరు రాసుకుని కౌన్సిల్ ఆఫీసులో సరిచూసుకో.

నువ్వు ఇప్పటికే రెండేళ్ళు చదివేశావు. ఆ కరపత్రం కోర్సు చేస్తే నీ దగ్గరున్న దానికన్నా తక్కువది డబ్బిచ్చి కొనుక్కున్నట్టే.

---

ఓరుగల్లు_సిస్టర్ (వరంగల్)

చెల్లె, టీచరమ్మ చెప్పింది నూటికి నూరు నిజం. ఆ ఇనిస్టిట్యూట్ దిక్కు చూడకు.

మిగిలిన రెండిట్ల నేనైతే జీఎన్‌ఎం అనే చెప్త. నేను జీఎన్‌ఎం చేసిన, కొన్నేండ్లు ప్రైవేట్ ఐసీయూల చేసిన, ఇప్పుడు గవర్నమెంట్ హాస్పిటల్‌ల నర్సింగ్ ఆఫీసర్‌ని. మా వార్డుల ఏఎన్‌ఎం చేసినామె ఒకామె ఉండె. పని మాకన్న బాగ చేస్తుండె. కానీ ప్రైవేట్‌ల ఆమెకు జీతం మాకన్న తక్కువ, పోస్టు పేరు అసిస్టెంట్ అని. ఎన్నేండ్లు చేసినా స్టాఫ్ నర్స్ పోస్టుకు అప్లై చేయనీకి లేదు, ఎందుకంటే దానికి జీఎన్‌ఎం లేకపోతే బీఎస్సీ అడుగుతరు. తెలంగాణల 2023ల 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకు పరీక్ష పెట్టిన్రు, 2024ల మళ్ళ 2,050 తీసిన్రు. ఏఎన్‌ఎం సర్టిఫికెట్‌తోని వాటి దగ్గరికి కూడ పోలేం.

గవర్నమెంట్ జీఎన్‌ఎం స్కూల్‌ల సీటొస్తె ఖర్చు మస్తు తక్కువ, స్టైపెండ్ కూడ ఇస్తరు. ఇంటర్‌ల 40 శాతం, ఇంగ్లీషు పాసై ఉండాలె. ఒకేషనల్ వాళ్ళకు మీ రాష్ట్రంల ఏ కోటా ఉందో అడ్మిషన్ నోటిఫికేషన్ల చూడు. ముందుగాల అప్లై అయితే చెయ్యి.

---

సబ్‌సెంటర్_అక్క (పార్వతీపురం మన్యం)

ఓరుగల్లు సిస్టర్‌తో పేచీ లేదు గాని, "ఏఎన్‌ఎం అంటే నర్సు కాదు" అన్న పెద్దమ్మ కోడలి మాటకి జవాబు చెప్పాలి. చెల్లెమ్మా, నేను మీ పక్కనే, సీతంపేట వైపు కొండ సబ్‌సెంటర్లో, అంటే ఊళ్ళకి దగ్గరుండే చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో, ఏఎన్‌ఎంని.

మైదానంలో 5,000 జనాభాకి, కొండల్లో 3,000 జనాభాకి ఒక సబ్‌సెంటర్ అని లెక్క. నా 3,000 మంది ఒక్కచోట ఉండరు. గూడేలు గూడేలుగా చెదిరి ఉంటారు. కొన్నిటికి రోడ్డుంది, కొన్నిటికి లేదు. డాక్టరు గారు పీహెచ్‌సీలో ఉంటారు. గూడెంలో గర్భిణి పొట్ట మీద చెయ్యి పెట్టి చూసేది నేనే. వార్డులో నర్సుకి అనుమానం వస్తే పక్క టేబుల్ దగ్గర అడగడానికి ఒకరుంటారు. నాకు ఫోనే దిక్కు, దానికి సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

మొన్న జీడి పిక్కలు ఏరే రోజుల్లో ఒకమ్మాయికి ఎనిమిదో నెల. కాళ్ళు ఉబ్బాయి, అది మామూలే అంటున్నారు ఇంట్లో. బీపీ 150/100 వచ్చింది. కాసేపు పడుకోబెట్టి మళ్ళీ చూశాను, అంతే. మూత్రంలో స్ట్రిప్ ముంచితే అల్బుమిన్ అనే ప్రోటీన్ కనపడింది, బీపీతో కలిస్తే అది ఫిట్స్ ముప్పుకి గుర్తు. ఆ పిల్లకి తలనొప్పి లేదు, కళ్ళు మసకల్లేవు, తోటకెళ్ళాలని తొందరగా ఉంది. ఆసుపత్రికంటే అత్త ఒప్పుకోదు, ఏరే మనిషి తగ్గిపోతుంది కదా. మా ఆశా వర్కర్ సవర తెగ అమ్మాయి. తనూ నేనూ ఆ అత్త పక్కన కూచుని పిక్కలు ఏరుతూ మాట్లాడాం. ఫిట్స్ ఎలా వస్తాయో, వస్తే ఈ దారిలో డోలీ కట్టి దించేసరికి ఎంతసేపవుతుందో ఆశా వాళ్ళ భాషలోనే చెప్పింది. సాయంత్రానికి అత్తే సంచి సర్ది బయల్దేరదీసింది. ఏరియా ఆసుపత్రిలో చేర్చారు. తల్లీబిడ్డా బాగున్నారు.

ఇది నర్సు పని కాకపోతే మరేటి?

బుధవారం, శనివారం టీకాల రోజులు. వ్యాక్సిన్ బాక్సులో పెట్టే ఐస్ ప్యాకులు ఫ్రీజర్ నుంచి తీసి వెంటనే పెట్టెయ్యకూడదు. బయట ఉంచి, చెవి దగ్గర ఊపి చూస్తే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి. అప్పుడు నాలుగూ పెట్టాలి. రాయిలా గడ్డకట్టినవి పెడితే పెంటావాలెంట్ టీకా గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. సీసా మీద గుండ్రం లోపల చిన్న చదరం ఉంటుంది. చదరం గుండ్రం కన్నా తెల్లగా ఉన్నంతసేపే వాడాలి. ఎంఆర్, బీసీజీ టీకాల పొడిలో దేని ద్రవం దానికి కలిపాక నాలుగు గంటలే వాడాలి. టీకా వేశాక తల్లిని అరగంట కూచోబెట్టాలి. ఆ అరగంటలో బిడ్డకి రేపు జ్వరమొస్తే ఏటి చెయ్యాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో, కార్డు ఎందుకు దాచాలో చెప్పాలి. ఇవన్నీ పైకి చిన్న పనులు. ఒక్కటి వదిలేసినా ఆ ఊరి పిల్లలకి రక్షణ ఉండదు, ఉందని మాత్రం రిజిస్టర్లో ఉంటుంది.

కష్టాలు కూడా చెప్పాలి కదా. రిజిస్టర్లూ ఉన్నాయి, ఫోన్లో యాపులూ ఉన్నాయి, ఒకే విషయం రెండు మూడు చోట్ల రాయాలి. సర్వేలు ఆగవు. వానాకాలం మలేరియా పరీక్షకి రక్త పూతలు తియ్యడానికి తిరిగి తిరిగి కాళ్ళు వాచిపోతాయి. సచివాలయ పోస్టుల్లో చేరినవాళ్ళకి ప్రొబేషన్లో నెలకి 15,000 అన్నారు, దాంతోనే ఇల్లు నడిపినవాళ్ళున్నారు. కాంట్రాక్టులో ఉన్నవాళ్ళ బాధ వేరే.

నీకు ఊరు తిరగడం, మనుషులతో కూచుని మాట్లాడటం ఇష్టమైతే ఏఎన్‌ఎంగా రా. ఆసుపత్రిలో వార్డు, మిషన్లు, ఆపరేషన్లు ఇష్టమైతే జీఎన్‌ఎంకి వెళ్ళు. ఎక్కువా తక్కువా అని మాత్రం చూడకు.

---

ఓరుగల్లు_సిస్టర్

అక్కా, దండం. పనిని తక్కువ చేసి నేను అనలే. ఆ పనికి తగ్గ మెట్లు పైకి లేవనే నా బాధ. ఎంపీహెచ్‌ఏ (ఏఎన్‌ఎం పోస్టుకు ఇంకో పేరు) నుంచి సూపర్‌వైజర్ ప్రమోషన్‌కు ఎన్నేండ్లు ఎదురు చూస్తున్నరో మీకే ఎరుక. ఆడపిల్ల చదువుకునే వయసుల ఉన్నప్పుడే రెండు దిక్కులా తలుపు తీసి పెట్టుకోవాలె అంటున్న.

---

సబ్‌సెంటర్_అక్క

అందులో మీ మాటే నిజం. ప్రమోషన్ల సంగతి వింటే మా సీనియర్లకి కడుపు మండుతుంది.

---

నల్గొండ_అమ్మ

మధ్యల అడుగుతున్న, ఏమనుకోకండి. నాకు 31. ఇద్దరు పిల్లలు. పెండ్లికి ముందు ఇంటర్ సీఈసీ చదివిన. ఇప్పుడు ఏఎన్‌ఎం చదవనిస్తరా? మా ఆయన చదువుకో అంటున్నడు గని సైన్స్ లేదు కదా అని భయం.

---

రిటైర్డ్_ట్యూటరమ్మ

తప్పకుండా చదవొచ్చమ్మా. ఏఎన్‌ఎంకి ఇంటర్ ఆర్ట్స్ అయినా సైన్స్ అయినా ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఒప్పుకుంటుంది. వయసు 17 నుంచి 35 లోపు. ఆడవాళ్ళకి మాత్రమే ఈ కోర్సు. జీఎన్‌ఎంకీ 35 దాకా ఉంది, పైగా రిజిస్టరైన ఏఎన్‌ఎంలకి జీఎన్‌ఎంలో వయసు పరిమితి లేదు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఇదే. అంటే ఇవాళ ఏఎన్‌ఎం చేసి ఉద్యోగంలో చేరినా, పిల్లలు పెద్దయ్యాక జీఎన్‌ఎంకి వెళ్ళే దారి మూసుకుపోదు.

సైన్స్ లేదని భయపడకు. శరీర నిర్మాణం మొదటి నుంచే చెప్తాం. ఇద్దరు పిల్లల్ని కన్న తల్లికి మిడ్‌వైఫరీ పాఠం అర్థమైనంత బాగా పద్దెనిమిదేళ్ళ పిల్లకి అర్థం కాదు, నా క్లాసుల్లో చూశాను.

పాతికమంది కూచున్న చోట ఇంకో మాట కూడా చెప్పనివ్వండి. "మల్టీ పర్పస్" అని పేరెందుకు వచ్చిందంటే, 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఒక్కో జబ్బుకి ఒక్కో ఉద్యోగి ఊరికి వెళ్ళే పద్ధతి మాని, ఒకే మనిషి అన్నీ చూడాలని చెప్పింది. అందుకే మీ సిలబస్‌లో కాన్పు నుంచి మలేరియా దాకా, పోషకాహారం నుంచి మురుగు దాకా అన్నీ ఉంటాయి. విసుక్కోకండి, రేపు సబ్‌సెంటర్లో అన్నీ అక్కరకొస్తాయి.

---

హోమ్‌కేర్_రాజు (విజయవాడ)

నమస్తే అండి. నేను ఇళ్ళల్లో పేషెంట్ కేర్ చేస్తాను, స్కిల్ సెంటర్లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేశాను, కొన్ని నెలల కోర్సు. పెరాలసిస్ వచ్చిన పెద్దాయన్ని రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, స్నానం, ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబు ద్వారా ఆహారం, మూత్రం బ్యాగు కొలిచి రాయడం. గౌరవమైన పనే, ఇల్లు గడుస్తోంది.

కానీ చెల్లీ, నన్ను కొన్ని ఇళ్ళల్లో నర్సు అనే పిలుస్తారు, ఐవీ ఇంజెక్షన్ చెయ్యమంటారు. చెయ్యను. నాకు రిజిస్ట్రేషన్ లేదు, ఏదైనా అయితే నన్ను కాపాడే కాగితం లేదు. ఏజెన్సీ వాళ్ళు కూడా ఒక్కోసారి "ఏం కాదులే" అంటారు. ఏడాది డిప్లొమా చేసినవాళ్ళంతా చివరికి నా పక్కనే చేరుతున్నారు, నాకన్నా పదింతలు ఫీజు కట్టి. మగపిల్లలు ఎవరైనా చదువుతుంటే మీకు ఏఎన్‌ఎం లేదు, నేరుగా జీఎన్‌ఎంకో బీఎస్సీకో ప్రయత్నించండి. నేనూ ఈ ఏడాది జీఎన్‌ఎంకి అప్లై చేస్తున్నా.

---

డాలస్_మాధవి (టెక్సస్)

మాది ఒంగోలు. ఇక్కడ ఎల్‌వీఎన్‌గా చేస్తున్నాను, లైసెన్స్‌డ్ ఒకేషనల్ నర్స్. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో ఈ పేరు, మిగతా రాష్ట్రాల్లో ఎల్‌పీఎన్ అంటారు. చదువు దాదాపు ఏడాది, తర్వాత ఎన్‌క్లెక్స్-పీఎన్ పరీక్ష. ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) గానీ డాక్టర్ గానీ పర్యవేక్షణలో పని చెయ్యాలి. నేను వర్క్ పర్మిట్ వచ్చాక ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలోనే చదివాను. నర్సింగ్ హోమ్‌లో మందులిచ్చే బండి తోసుకుంటూ ఒక్కో షిఫ్టులో ముప్ఫై మంది పెద్దవాళ్ళకి మందులిస్తాను.

ఎందుకు రాస్తున్నానంటే, ఇంటి దగ్గర చాలామంది "ఏఎన్‌ఎం చేస్తే అమెరికాలో ఎల్‌పీఎన్ అయిపోవచ్చంట కదా" అని అడుగుతున్నారు. ఆ ఆశతో డబ్బు పెట్టకండి. నర్సులకి గ్రీన్‌కార్డులో సులువైన దారి ఉన్నది ఆర్‌ఎన్‌లకే, ఎల్‌పీఎన్‌కి అది లేదు. ఇండియా నుంచి రావాలనుకుంటే జీఎన్‌ఎం లేదా బీఎస్సీ, ఆపై ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. ఇంగ్లండ్ అయినా, జర్మనీ అయినా అదే, నర్సుగా తీసుకునేది జీఎన్‌ఎం నుంచే. జర్మనీకి భాష పరీక్ష కూడా ఉంటుంది. తెలంగాణలో టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థే ఉంది, జర్మన్ నేర్పించి పంపిస్తోంది. గల్ఫ్‌కి వెళ్ళే నర్సుల్ని 2015 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నిబంధన పెట్టారు, కాబట్టి లక్షలడిగే ఏజెంటు తలుపు తడితే తెరవకండి.

నేనిప్పుడు ఎల్‌వీఎన్ నుంచి ఆర్‌ఎన్ అయ్యే బ్రిడ్జి కోర్సు చదువుతున్నాను. ఇక్కడా ఆ మెట్టెక్కితేనే.

---

నాగావళి_పిల్ల

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నాన్నకి అన్నీ చదివి వినిపించాను. కరపత్రం తిరిగిచ్చేశాం. జీఎన్‌ఎంకి అప్లై చేస్తాను, గవర్నమెంట్ సీటొస్తే వెళ్తాను. రాకపోతే క్లినికల్ ట్రైనింగ్‌లో చేరి, రిజిస్టరై, ఏఎన్‌ఎం నోటిఫికేషన్‌కి చదువుతాను. నిజం చెప్పాలంటే సబ్‌సెంటర్ అక్క రాసింది చదివాక సీటొచ్చినా కొండకే వెళ్ళాలనిపిస్తోంది.

ట్రైనింగ్‌కి వెళ్తే మొదటి రోజుల్లో ఏటి నేర్చుకోవాలి? ఇంజెక్షన్ చెయ్యడం వచ్చు, మిగతా వార్డు పనంటే భయమే.

---

ఓరుగల్లు_సిస్టర్

ఇది నాకిష్టమైన ప్రశ్న.

మొట్టమొదలు, పోయే ముందు హెపటైటిస్-బీ టీకా మొదలుపెట్టుకో. సున్నా, ఒక నెల, ఆరు నెలలు, మూడు డోసులు. మల్ల వాడిన సూదికి క్యాప్ తిరిగి పెట్టకు. మస్తు మందికి సూది గుచ్చుకునేది గప్పుడే. ఒకవేళ గుచ్చుకుంటే పిండకు, నోట్లె పెట్టుకోకు, సబ్బు నీళ్ళతోని కడిగి వెంటనే సిస్టర్‌కు చెప్పు. హెచ్ఐవీకి ముందు జాగ్రత్త మందు రెండు గంటల లోపల మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే ఇయ్యరు. తిడ్తరని దాచిపెట్టే పిల్లలను చూసిన. దాచకు.

చెత్త డబ్బాల రంగులు కంఠతా పట్టు. రక్తం అంటిన దూది, కట్లు పసుపు. సెలైన్ సెట్లు, సిరంజీల ప్లాస్టిక్ ఎరుపు. సూదులు, బ్లేడ్లు తెల్ల డబ్బా. గాజు సీసాలు నీలం.

నరంల పెట్టే గొట్టం, క్యాన్యులా, దాని రంగులు గూడ. పెద్దోళ్ళకు రక్తం ఎక్కించాలంటే ఆకుపచ్చ, 18 నంబరు సైజు. మామూలు సెలైన్‌కు గులాబి, 20. నరం సన్నగుంటే నీలం, 22. చిన్నపిల్లలకు పసుపు, 24.

లెక్కకు భయపడకు. 500 ఎంఎల్ సెలైన్ నాలుగు గంటల పోవాలె అనుకో. సెట్ కవర్ మీద ఒక ఎంఎల్‌కు 20 చుక్కలని ఉంటది. 500ను 20తోని గుణించు, 240 నిమిషాలతోని భాగించు. నిమిషానికి 42 చుక్కలు. గడియారం పట్టుకొని పావు నిమిషం లెక్కపెట్టు, పది పదకొండు పడాలె. చిన్నపిల్లల మైక్రో సెట్‌కు ఎంఎల్‌కు 60 చుక్కలు, గది యాది పెట్టుకో.

---

సబ్‌సెంటర్_అక్క

లేబర్ రూం డ్యూటీ ఎక్కువ అడిగి వేయించుకో చెల్లెమ్మా. మిగతా పిల్లలు తప్పించుకుంటే వాళ్ళ డ్యూటీ కూడా నువ్వు తీసుకో. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు తొడకి ఎలా ఇస్తున్నారో, మాయ పడ్డాక అది పూర్తిగా వచ్చిందో లేదో పరిచి ఎలా చూస్తున్నారో, గర్భసంచి గట్టిపడిందని పొట్ట మీద చెయ్యేసి ఎలా తెలుసుకుంటున్నారో దగ్గరుండి చూడు. బిడ్డని తుడిచి తల్లి ఛాతీ మీద పెట్టి గంటలోపు పాలు పట్టించాలి.

బీపీ మాత్రం మిషన్ మీద ఒక్కదాని మీద ఆధారపడకు. స్టెత్‌తో చెవితో వినడం నేర్చుకో. కొండ మీద బ్యాటరీ అయిపోతుంది.

---

రిటైర్డ్_ట్యూటరమ్మ

చేసిన ప్రతి కేసూ ఆ రోజే కేస్ బుక్‌లో రాసి సిస్టర్ చేత సంతకం పెట్టించుకో. నెల తర్వాత అడిగితే ఆవిడ బదిలీ అయిపోయి ఉంటుంది. ట్రైనింగ్ పూర్తి సర్టిఫికెట్ మీద ఆసుపత్రి సీలూ, మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకో. రిజిస్ట్రేషన్ దగ్గర ఎక్కువమందిని వెనక్కి తిప్పి పంపేది ఆ తేదీలు లేకే. టెన్త్ మెమోలో పేరూ ఇంటర్ మెమోలో పేరూ ఒకేలా ఉన్నాయా? లేకపోతే ఇప్పుడే సరిచేయించుకో.

---

నాగావళి_పిల్ల

టెన్త్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉందమ్మా, ఇంటర్‌లో ఒక్క అక్షరమే ఉంది. సోమవారం కాలేజీకెళ్ళి అడుగుతాను.